భేల్వా కొమ్మలు పీకిన సంవత్సరం

తొంభైల మొదట్లో భిలాయి సెక్టర్ 6లోని మా క్వార్టర్ వరండాలో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక కోర్టు నడిచేది. అందులో జడ్జి ఉండేవాడు కాదు. ముద్దాయిలు మాత్రం దండిగా ఉండేవారు: తాయెత్తులు, శకునాలు, వారఫలాలు, గాలిలోంచి విభూతి తీసే బాబాలు. వాదించేవాళ్లం ఏడెనిమిది మందిమి. అందరం ప్లాంటు మనుషులమే. అందరి తండ్రులూ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లే. ఎవరు ఏ మాట చెప్పినా మూడు ప్రశ్నలకి నిలబడాలి. చూశావా? కొలిచావా? నీకు గిట్టనివాడు కొలిచినా అదే వస్తుందా? మూడింటికీ అవునంటే ఆ మాటకి మా వరండాలో కుర్చీ. కాదంటే గుమ్మం బయటే.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో వేడి పుడుతుంది. షిఫ్టు సైరన్ మోగగానే రోడ్డు నిండా సైకిళ్లు. హ్యాండిళ్లకి వేలాడే టిఫిను డబ్బాలు, ఎర్ర దుమ్ము పట్టిన చొక్కా కాలర్లు. పొద్దుగూకాక ప్లాంటు వైపు ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడితే వీధిలో ఆడుకునే పిల్లలు తల కూడా ఎత్తేవారు కాదు, ఆ వెలుగు మాకంత మామూలు. ప్రతి క్వార్టర్ వెనకా నాలుగు మళ్ల జాగా ఉండేది. అందులో గోంగూర, వంగ, బీరపాదు. గోడ పక్కన ఒక జామచెట్టు. ఏ ఇంటి జామకాయ ఏ రుచో వీధి మొత్తానికి తెలుసు.

నా పని కొలిమిలో వేడి ఎంతుందో చెప్పే మీటర్లని సరిచూడటం. మీటరు అబద్ధం ఆడితే ఉక్కు పాడవుతుంది, ఒక్కోసారి మనిషి పోతాడు. అందుకే కొలత అంటే నాకు ప్రాణం. దేన్నైనా కొలిచాకే నమ్ముతానని, కొలిచాకే కాదంటానని నా గర్వం. ఆ గర్వం ఒక వానాకాలంలో ఎలా దిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా భార్య తమ్ముడు భిలాయిలోనే పుట్టాడు. ఇంట్లో తెలుగు, నోట్లో హిందీ. వాళ్ల నాన్న, ఇద్దరు అన్నలు ప్లాంటులో చేరితే వాడొక్కడే వ్యవసాయం చదివి గ్రామసేవక్ అయ్యాడు. గ్రామసేవక్ అంటే ఊరూరా తిరిగి రైతులకి విత్తనం, ఎరువు, పురుగుమందుల సంగతి చెప్పే ప్రభుత్వ మనిషి. వాడికిచ్చిన ఊళ్లు భిలాయి పక్కనున్న జాముల్ దాటాక ఉండేవి. మా ఇంట్లోనే ఉంటూ, పొద్దున్నే లూనా మోపెడ్ మీద బయల్దేరి, దారి పొడుగునా లారీల దుమ్ము తిని, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. అన్నలు వెక్కిరిస్తే ఊరుకునేవాడు కాదు. “మీరంతా ఉక్కు తింటారేటి? నేను లేకపోతే మీ క్యాంటీన్లో చావల్ ఎక్కడిది?” అనేవాడు.

వాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వంకాయలకి పుచ్చు పట్టింది. మరునాడే ఒక డబ్బా మందు తెచ్చి, బకెట్లో కర్రతో కలిపి, ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా పిచికారీ కొట్టాడు.

“ఏట్రా ఆ కంపు! ఇది కొట్టిన వంకాయలు తింటే మనకేటీ కాదా?” అంది మా ఆవిడ.

“దవాయి దీదీ ఇది. పురుక్కి జహర్, మనకి కాదు. కడిగేస్తే పోద్ది. ఫికర్ మత్ కర్.”

“నువ్వు చదివినావు కాబట్టి నమ్ముతన్నాను.”

మరునాడు వంకాయ కూర తిన్నాం. కొన్నాళ్లకి ఖాళీ అయిన ఆ డబ్బా మంచి గట్టి రేకుది, మూత బిగువుగా ఉంది. మా ఆవిడ దాన్ని సబ్బుతో తోమి, ఎండబెట్టి, కందిపప్పు పోసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. తాయెత్తుని నిలదీసిన నోరు ఆ డబ్బాని నిలదీయలేదు. డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి, కంపెనీ ముద్ర ఉంది. పుర్రె బొమ్మ కూడా ఉంది, అది మాకు కనపడలేదు. మా హేతువాదం అప్పటికి అంతవరకే వచ్చింది.

తప్పు వాడొక్కడిదే కాదు. వాడికి చదువులో చెప్పింది అంతే. పైవాళ్లు అడిగేదీ అంతే, ఏ ఊళ్లో ఎంత మందు కొట్టించావని. ఆ పొలంలో అసలు పురుగు ఉందా అని అడిగినవాడు లేడు.

రెండేళ్ల తర్వాత ఆ ప్రశ్న అడిగే మనిషి వచ్చాడు. గ్రామసేవకులు కొందరిని ఏరి, వానాకాలం పంట మొత్తం సాగే శిక్షణ ఒకటి పెట్టారు. వారానికి ఒక రోజు క్లాసు, ఒక రోజు పొలం. నేర్పేవాడు నడివయసు మాస్టారు, పురుగుల మీదే చదువుకున్నవాడు. మొదటి క్లాసు అయిన సాయంత్రం మా బావమరిది లూనా స్టాండు కూడా వేయకుండా గోడకి ఆనించి, తిన్నగా వంటింట్లోకి పోయాడు.

“దీదీ, ఆ పప్పు పారెయ్.”

“ఏ పప్పు?”

“ఆ మందు డబ్బాలో పప్పు. డబ్బా కూడా. గొయ్యి తీసి పాతిపెట్టాలి.”

“రెండేళ్లయి అందులోదే తింటన్నాం కదరా!”

మా ఆవిడ డబ్బా వంక చూసి, వాడి వంక చూసి, “కడిగేస్తే పోద్దని నువ్వే కదా అన్నావు” అంది మెల్లిగా. అరిచి ఉంటే బాగుండేది.

భోజనాల దగ్గర వాడు కంచం ముట్టకుండా చెప్పాడు. “మాస్టారు ఒకటే మాటన్నారు బావా. మందు చేత్తో పట్టుకునే ముందు పొలంలో కూర్చోండి అన్నారు. ఏ పురుగు పైరుని తింటంది, ఏ పురుగు ఆ పురుగుని తింటంది, లెక్క పెట్టాలంట. బొమ్మలేసి రైతుల చేతే లెక్క చెప్పించాలంట. సాలీడు మన దోస్త్ అంట బావా. రెండేళ్లుగా నేను దోస్తుల్నే చంపించినాను.”

నాకు ప్రాణం లేచొచ్చింది. లెక్క! కొలత! మా వరండా వరిచేలోకి వెళ్లినట్టు అనిపించింది. ఇంతకాలం ఉక్కు వైపు నిలబడి వాణ్ని చిన్నచూపు చూశానని కూడా అనిపించింది.

శిక్షణలో భాగంగా ప్రతి గ్రామసేవకూ ఒక రైతు దగ్గర ఒక ఎకరం తీసుకోవాలి. అందులో పురుగు కనపడగానే మందు కొట్టకూడదు. వారం వారం లెక్క చూసి, నష్టం ఫలానా హద్దు దాటితేనే కొట్టాలి. పురుగు పడితే మందు కొట్టకుండా కూర్చుని చూద్దాం అంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? మూడు ఊళ్లలో నవ్వి పంపించారు. నాలుగో ఊళ్లో ఒక ముసలావిడ ఒప్పుకుంది. ఊరంతా ఆవిడని దాయి అనేవారు, అంటే అమ్మ. భర్త లేడు. ఇంట్లో కూతురు, ఇద్దరు మనవరాళ్లు. ఉన్నది ఆ ఒక్క ఎకరమే. కిందటేడు ఎవరో స్ప్రేయర్ కడిగిన నీళ్లు తాగి ఆవిడ దూడ చచ్చిపోయింది. ఆ కడుపుమంట మీద ఒప్పుకుంది, కానీ ఊరికే ఒప్పుకోలేదు.

“కస్ గా సాహెబ్, ఏమయ్యా, నలుగురం ఏడాది పొడుగునా తినేది ఈ పొలమే. పంట పోతే నీ బొమ్మల కాగితం వండుకోవాలా?” అని అడిగిందట ఛత్తీస్‌గఢీలో.

“పోదు దాయి. నాది పూచీ.”

“నీ పూచీ నేనేం చేసుకుంటాను? ప్రతి మంగళవారం వచ్చి ఈ గట్టు మీద కూర్చో. నువ్వు రాని వారం నేను మందు కొట్టేస్తాను.”

అలా ఆ నలుగురి ఏడాది తిండి మా బావమరిది చేతిలోకి వచ్చింది. వాడు ఆ సంగతి ఒక్కరోజు మరిచిపోలేదు. మరిచిపోయింది నేను.

నాట్లు పూర్తవుతూ ఉండగా హరేలీ వచ్చింది. మన పంచాంగంలో ఆషాఢ అమావాస్య. ఆ ప్రాంతపు రైతులకి అది పెద్ద పండగ. నాగళ్లు కడిగి పూజ చేస్తారు. పిల్లలు వెదురు మరగాళ్లెక్కి వీధుల్లో నడుస్తారు. గుమ్మాలకి వేపరెమ్మలు గుచ్చుతారు. పొలాల్లో భేల్వా కొమ్మలు నిలబెడతారు. భేల్వా అంటే మన నల్లజీడి, చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది దాని కాయతోనే. ఊరి పూజారిని బైగా అంటారు. అతను మంత్రం చదివి ఇచ్చిన కొమ్మ పొలంలో ఉంటే పైరుకి దిష్టి తగలదని, తెగులు రాదని నమ్మకం.

పండగ మరునాడు మా బావమరిది ఇంటికొచ్చి నెత్తి కొట్టుకున్నాడు. “బావా, మా దాయి కూడా పాతేసింది! పది పన్నెండు కొమ్మలు. మాస్టారు వచ్చి చూస్తే ఏమంటారు? సైన్స్ ప్లాటులో టోనా-టోట్కా, మంత్రాలూ తంత్రాలూ!”

“నేనొస్తాను” అన్నాను. నాకు అంతకంటే ఏం కావాలి? ఊరు ఊరంతా ఒక ఎండుకొమ్మకి మొక్కడమా! విభూతి డబ్బా, నిమ్మకాయలు, గారడీ సామాను సంచీలో వేసుకుని ఆదివారం పొద్దున్నే లూనా వెనక కూర్చున్నాను.

పంచాయతీ ఇంటి అరుగు మీద సభ. ఊరివాళ్లు యాభై మంది దాకా వచ్చారు. మా వాడి తోటి గ్రామసేవకులు ముగ్గురు ముందు వరసలో కూర్చున్నారు. గాలిలోంచి విభూతి తీసి చూపించాను, ఎలా తీశానో కూడా చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో కొమ్మల మీదకి వెళ్లాను.

“చెట్టు నుంచి నరికిన కొమ్మ తన ప్రాణమే తను కాపాడుకోలేదు. మీ పైరుని ఎలా కాపాడుతుంది? ఎవరైనా చూశారా? కొలిచారా?”

దాయి వెనక వరసలోంచి అంది: “కొమ్మ లేని పొలం మేం ఎప్పుడూ ఉంచలేదు సాహెబ్. ఇంక ఎలా కొలుస్తాం?”

ఎంత మంచి ప్రశ్న అది! మా వరండాలో ఎవరైనా అడిగి ఉంటే లేచి నిలబడి మెచ్చుకునేవాణ్ని. అప్పుడు నేను అనవలసిన మాట ఒకటే, సగం పొలంలో ఉంచి సగం పొలంలో తీసి చూద్దాం అని. కొలిమి దగ్గర ఒక మీటరుని అనుమానిస్తే పక్కన ఇంకో మీటరు పెట్టకుండా దాన్ని ఊడబీకను కదా. కానీ నేను అక్కడికి కొలవడానికి వెళ్లలేదు, గెలవడానికి వెళ్లాను.

“అయితే ఈ ఏడు తీసేయండి. ఏమీ కాదని మీకే తెలుస్తుంది” అన్నాను.

ఊళ్లో ఇంకెవరూ తీయలేదు. దాయి మాత్రం మా బావమరిది వైపు తిరిగింది. “ఈ ఏడు ఆ పొలం నీ మాట మీద కదా నడుస్తోంది. నువ్వు చెప్పు.”

వాడు నా మొహం చూశాడు. “తీసేద్దాం దాయి” అన్నాడు.

ఇద్దరం పొలంలోకి దిగి, ఊరు చూస్తుండగా, ఒక్కో కొమ్మా పీకి గట్టు అవతల పారేశాం. యుద్ధం గెలిచినవాళ్లలా తిరిగొచ్చాం.

రెండో రోజుకి ఇద్దరి అరచేతులూ ఎర్రబడి, మూడో రోజుకి బొబ్బలెక్కాయి. వేళ్లు ముడవలేక నేను ప్లాంటుకి సెలవు పెట్టాను. మా ఆవిడ కొబ్బరినూనె రాస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. “బైగా శాపం తగిలిందేటి మీకు?”

“శాపమూ లేదు, గీపమూ లేదు. నల్లజీడి పాలు చర్మాన్ని కాలుస్తాయి. అది రసాయనం.”

“రసాయనమని తెలిసినోళ్లు గుడ్డ చుట్టుకోవాల కదా. ఆ ఊరోళ్లు కొమ్మలు ఎలాగ పట్టుకున్నారో చూళ్లేదేటి మీరు?”

చూడలేదు. తర్వాత తెలిసింది, వాళ్లు మోదుగాకులు చుట్టి పట్టుకుంటారట. ఆ మంగళవారం మా బావమరిది చేతులకి కట్లు కట్టుకుని లూనా నడిపాడు. ఊళ్లో బైగా గెలిచాడని ఒకటే నవ్వులట. వాడు గట్టు మీద కూర్చుని లెక్క రాసుకుని వచ్చాడు.

నాలుగైదు వారాలు గడిచాయి. ఒక ఆదివారం వాడు తన చార్టులు తెచ్చి మా వరండాలో నేల మీద పరిచాడు. సాలీళ్లు, తూనీగలు, పురుగులు రంగు పెన్సిళ్లతో ముచ్చటగా వేసి ఉన్నాయి. మా కోర్టు వాళ్లంతా వంగి చూశారు.

“బావా, ఆకుముడత పురుగు వారం వారం పెరుగుతోంది. చుట్టుపక్కల పొలాల్లో అంత లేదు. విత్తనం అదే, నీళ్లు అవే. వాళ్లు కూడా ఇంకా మందు కొట్టలేదు.”

“ఒక్క పొలం చూసి తీర్మానం చేయకూడదు.”

“కొమ్మలు తీసింది కూడా ఒక్క పొలంలోనే బావా.”

“అంటే? మంత్రం పనిచేసిందంటావా?”

“మంత్రం మాట నేనేటీ అన్లేదు. మీరు ఊరికే గరమ్ అయిపోతన్నారు. మీ మూడు ప్రశ్నల్లో మొదటిదే అడుగుతన్నాను. కొమ్మ ఏం చేస్తదో మీరు చూసినారా?”

వరండా అంతా గొల్లుమంది. నాకు కోపం వచ్చింది. సరైన ప్రశ్న ఎదుటివాడి నోట్లోంచి వస్తే ఎంత మండుతుందో ఆ రోజు తెలిసింది. ఇన్నేళ్లలో నేను ఎంతమందిని అలా మండించానో కూడా.

మంగళవారం సెలవు పెట్టి వాడితో వెళ్లాను. పొద్దున్నే గట్టు మీద కూర్చున్నాం. దాయి పక్క గట్టు మీద ఉల్లిపాయ కొరుక్కుంటూ బాసీ తింటోంది, మన చద్దన్నం లాంటిదే. ఆవిడ పొలంలో చాలా ఆకులు గొట్టాల్లా ముడుచుకుపోయి, తెల్ల చారలు తేలి ఉన్నాయి.

పక్క పొలంలో ఒక భేల్వా కొమ్మ మీద నల్లటి పిట్ట కూర్చుని ఉంది. తోక చివర రెండుగా చీలి ఉంది. పసులపోలిగాడు. మా నాన్న ఊళ్లో గేదెల వీపు మీద స్వారీ చేసే పిట్ట. అది తల అటూ ఇటూ తిప్పి, రివ్వున పైరులోకి దిగి, ముక్కున ఏదో పట్టుకుని, మళ్లీ అదే కొమ్మ మీదకి వచ్చింది. మింగింది. మళ్లీ దిగింది. ఇంకో కొమ్మ మీద ఇంకోటి. కనుచూపు మేరలో ఒక చెట్టు లేదు, స్తంభం లేదు. ఆ పిట్టకి కూర్చుని చూసుకోవడానికి ఉన్నవి ఆ కొమ్మలే. మా పొలంలో కూర్చోవడానికి ఏమీ లేదు. ఆ పొద్దంతా మా పొలంలోకి అది దిగింది ఒక్కసారే, అదీ పక్క పొలం కొమ్మకి దగ్గరగా ఉన్న మూలలో.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వస్తూ వస్తూ దారిలో వాడు ఒకే మాట అన్నాడు. “వచ్చే వారం లెక్క హద్దు దాటేలా ఉంది బావా. దాటితే మందు కొట్టాల. కొట్టినా అప్పటికి ఎంత మిగుల్తదో.”

ఆ వారం క్లాసులో మాస్టారు ఏం చెప్పారో చూడండి. పురుగుల్ని తినే పక్షులు వాలడానికి పొలంలో అక్కడక్కడా అడ్డకర్ర కట్టిన వెదురు కర్రలు పాతాలి అని. కాగితం కూడా పంచారు, బొమ్మతో సహా. మా వాడు ఆ కాగితం పట్టుకుని, తోటి గ్రామసేవకుణ్ని ఒకణ్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సంగతంతా విన్న ఆ స్నేహితుడు తేలిగ్గా నవ్వేశాడు.

“అరే యార్, చుప్‌చాప్ వెదురు కర్రలు పాతెయ్. అది టోనా, ఇది సైన్స్. రెండూ ఒకటేనని ఆ ఊళ్లో ఎవడికి తడుతుంది?”

నాకా మాట ఎంత నచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పొలమూ దక్కుతుంది, నా ఉపన్యాసమూ దక్కుతుంది. “అవును, వెదురే పాతుదాం” అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. “పాతండి, సరే. ఆ ముసలామె అడిగితే ఏటి చెప్తారు?”

నేను లేచి కర్రలు కట్టడానికి తాడు వెతకడం మొదలుపెట్టాను.

వారం ఆగడానికి లేదు. మరునాడే వెదురు కర్రలు లూనాకి నిలువుగా కట్టుకుని వెళ్లాం. దాయి పొలంలోనే ఉంది. చుట్టుపక్కల పనిచేసుకునేవాళ్లు ఐదారుగురు, మాతో ఈసారి ఏం తమాషా వచ్చిందోనని దగ్గరికి చేరారు. మా వాడు కర్రలు దించి, ఇవి పిట్టలు వాలడానికి, పిట్టలు పురుగుల్ని తింటాయి అని చెప్పాడు. ఆవిడ ఒక కర్ర చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పక్క పొలం వైపు చూసింది. అక్కడ కొమ్మ మీద పిట్ట కూర్చునే ఉంది.

“కస్ గా సాహెబ్, నీ కర్రకీ నా కొమ్మకీ తేడా ఏంటి?”

మా వాడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా నేను ఏదో ఒక ఉపన్యాసం అందుకునేవాణ్ని.

“పిట్టకి తేడా లేదు దాయి” అన్నాను.

“మరి పీకావెందుకు?”

“పీకినప్పుడు నేను పిట్టని చూడలేదు.”

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. “పిట్ట కోసమని మేమూ అనుకోలేదు. మా అత్త పెట్టింది, నేను పెట్టాను. మేం చదువుకోలేదు. నువ్వు చదివావు కదా సాహెబ్, నువ్వు చూడాలి కదా” అంది.

గుంపులోంచి ఒక కుర్రాడు ఈల వేశాడు. “బైగా మంత్రం జీత్ గయా సాహెబ్!”

మంత్రమే గెలిచిందన్న దగ్గర మాత్రం నేను తగ్గలేదు. “జీతూ లేదు, గీతూ లేదు. మంత్రం చదవని కొమ్మ మీద కూడా అదే పిట్ట వాలుతుంది. ఇప్పుడే చూద్దాం” అన్నాను. ఈసారి చేతికి గుడ్డలు చుట్టుకుని, దాయి చూపించిన చోట నాలుగు కొమ్మలు మేమే నరికి తెచ్చాం. బైగాని పిలవలేదు, మంత్రం లేదు. సగం పొలంలో అవి, సగం పొలంలో వెదురు కర్రలు. అందరం గట్టెక్కి కూర్చున్నాం. చాలాసేపు ఏమీ జరగలేదు. కుర్రాడు నవ్వుతూనే ఉన్నాడు. ఎండ చురుక్కుమనే వేళకి ఒక పిట్ట వచ్చి వెదురు కర్ర మీద వాలింది. ఇంకో గడియకి ఇంకోటి కొమ్మ మీద వాలింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దాయి లేచి కొంగు దులుపుకుని కలుపు తీయడానికి వెళ్లిపోయింది.

మంగళవారం లెక్కలో పురుగు పెరగడం ఆగింది. ఆ తర్వాతి వారం తగ్గింది. హద్దు దాటలేదు, మందు కొట్టలేదు. పిట్టల వల్లే తగ్గిందని నేను ప్రమాణం చేయను. ఆ రోజుల్లోనే ముసురు కూడా విడిచి ఎండ కాసింది. భేల్వా పాల వాసనకి పురుగు జడుస్తుందని తర్వాత ఎవరో అన్నారు, అదీ మేం కొలవలేదు. తెలిసింది తెలిసినంతే చెప్పాలి. ఆ నియమం అంతకు ముందూ నాకు తెలుసు, ఆ ఏడు మాత్రం చేతుల మీద రాసుకున్నట్టు గుర్తుండిపోయింది.

శిక్షణ చివర్లో ఇచ్చే నివేదికలో ‘ఎదురైన ఇబ్బందులు’ అని ఒక గడి ఉంటుంది. తోటివాళ్లంతా వాన, కరెంటు, దారి అని రాశారు. మా వాడు ఇలా రాశాడు: ‘పొలంలో ముందే ఉన్న పక్షుల కొమ్మలను నేను, నా బంధువు కలిసి పీకివేశాము. అవి ఎందుకు ఉన్నాయో అడగలేదు.’ అది రాస్తే ఉద్యోగానికే చెడ్డపేరు వస్తుందని స్నేహితులు చెప్పినా కొట్టెయ్యలేదు. మాస్టారు అది క్లాసులో పైకి చదివి, “ఈ బంధువు ఎవరు?” అని అడిగారట. “మా జీజాజీ సార్. మూఢనమ్మకాల మీద లెక్చర్లిస్తారు” అన్నాడట వీడు. క్లాసు ఐదు నిమిషాలు ఆగిపోయిందని ఇంటికొచ్చి చెబితే, మా ఆవిడ చేతిలో అట్లకాడ పట్టుకునే నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

కోతలయ్యాక దాయి కబురు పంపింది. ఇద్దరం వెళ్లాం. ఇంటి లోపల మూలన మట్టితో కట్టిన గాదె ఉంది. కోఠీ అంటారు. మూత తీసి, మా వాడి చెయ్యి పట్టుకుని లోపల పెట్టించింది. ధాన్యం పైదాకా లేదు. జానెడు వెలితి.

“కిందటేడు అంచుదాకా ఉంది. ఈ జానెడు మీ ఇద్దరిదీ” అంది.

మా వాడి మొహం చిన్నబోయింది. “వానాకాలంలో తక్కువైతే మా ఇంట్లోంచి బియ్యం తెస్తాను దాయి.”

“నీ బియ్యం ఎవరిక్కావాలి? మంగళవారం మంగళవారం వచ్చి నా బాసీ తినకుండా ఉంటే చాలు, అదే సరిపోతుంది.” కూతురు, మనవరాళ్లు పక్కుమన్నారు. వాడు బాసీ తింటున్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

వాడు అడగాల్సింది అడిగాడు. “వచ్చే ఏడు కూడా పొలం ఇస్తావా దాయి?”

ఆవిడ గాదె మూత పెట్టి, అంచు చుట్టూ తడి మట్టి మెత్తడం మొదలుపెట్టింది.

“సగం ఇస్తాను.”

“మిగతా సగం?”

“మందు కొట్టుకుంటాను. స్ప్రేయర్ మాత్రం దూరంగా కడుగుతాలే. నాకు మనవరాళ్లున్నారు సాహెబ్.”

తిరుగు దారిలో లూనా వెనక కూర్చుని నేను ఆవిడ మీద వాదనలు కట్టాను. పిట్టలున్నాయి కదా, లెక్క తగ్గింది కదా, మందు వల్ల దూడ పోయింది కదా, ఇన్ని చూసి మళ్లీ మందేమిటి? ప్రతి వాదనకీ ఆ జానెడు వెలితి అడ్డొచ్చి నిలబడింది. ఒక్కటీ నెగ్గలేదు. జాముల్ దగ్గర లారీల వెనక బండి నెమ్మదించినప్పుడు మా బావమరిది వెనక్కి తిరిగాడు. మొహం నిండా దుమ్ము, పళ్లు మాత్రం తెల్లగా.

“సగం ఇచ్చింది బావా! విన్నారా? సగం ఇచ్చింది!”